మెకంజీ జావా కాగితాలు, మన కైఫీయత్తులు: ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

మీరు అడిగినవి రెండు. కడప, అనంతపురం ప్రాంతాల కైఫీయత్తులు (ఊళ్ళ స్థానిక చరిత్రలు) రాయించిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీయే జావా ద్వీపం చరిత్ర మీద, అక్కడి ప్రంబనన్ గుడి శిథిలాల మీద కూడా కాగితాలు పోగేశాడని విన్నారు; అవి ఇప్పుడు ఎక్కడున్నాయి, ప్రొద్దుటూరులో కూర్చుని చూడగలమా అన్నది ఒకటి. వాటిని మన ఊళ్ళ కైఫీయత్తుల పక్కన పెట్టి పని చేయొచ్చా అన్నది రెండోది. చూడొచ్చు, చేయొచ్చు. అయితే రెండూ ఒకే మనిషి సేకరణ కదా అని రెండింటినీ ఒకే తీరున చదివారంటే మాత్రం దారి తప్పుతారు.

ముందు తేదీలు సరిచూసుకోండి. మెకంజీ 1783లో మద్రాసు వచ్చాడు, 1799 తర్వాత మైసూరు సర్వే చేయించాడు, 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1811లో ఇంగ్లీషువాళ్ళు డచ్చివాళ్ళ మీద జావా దండయాత్రకు పోయినప్పుడు సైన్యంలో ఇంజనీరుగా వెళ్ళి, 1813 దాకా అక్కడే ఉన్నాడు. తిరిగి మద్రాసు చేరింది 1815లో. మన దత్తమండలాల్లో, అంటే రాయలసీమలో, కైఫీయత్తులు జోరుగా తయారైన కాలం కూడా సుమారుగా అదే. అంటే మీ చేతిలో ఉన్న కైఫీయత్తు 1812 నాటిదైతే, అది రాసేనాటికి మెకంజీ సముద్రానికి అవతల ఉన్నాడు. ఊరూరా తిరిగినవాళ్ళు, కరణాలను కూర్చోబెట్టి రాయించినవాళ్ళు మనవాళ్ళు. వాళ్ళ పైన అజమాయిషీ ఏలూరు కావలి సోదరుల్లో లక్ష్మయ్యది. పెద్దవాడు బొర్రయ్య 1803లోనే పోయాడు. కాబట్టి ‘మెకంజీ ఇలా అన్నాడు’ అని కైఫీయత్తును ఉటంకించకండి. అందులో మాట్లాడేది కరణం, రాసేది గుమాస్తా. జావా కాగితాల్లో మాత్రం మెకంజీ స్వయంగా కనబడతాడు. అక్కడ ఆయనకు లేనిది కావలి సోదరుల లాంటి మనుషుల దండు. ఆ చోటును డచ్చి అధికారులు, దుబాసీలు, స్థానిక దొరలు నింపారు. రెండు సేకరణల మధ్య తేడా అంతా ఇక్కడే పుట్టింది.

ఇక ఎక్కడున్నాయన్న సంగతి. మెకంజీ 1821లో చనిపోయాక ఆయన భార్య పెట్రొనెల్లా ఆ సేకరణను కంపెనీకి లక్ష రూపాయలకు అమ్మింది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో రెండు సంపుటాల కేటలాగు వేశాడు. ఆ తర్వాత సేకరణ ముక్కలైంది. తెలుగు, తమిళం, కన్నడం గ్రామ చరిత్రలు చాలావరకు మద్రాసు చేరి నేటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఇంగ్లీషు, డచ్చి కాగితాలు, జావా రాతప్రతులు, బొమ్మలు లండన్ వెళ్ళి ఇండియా ఆఫీసు లైబ్రరీ మీదుగా బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఐరోపా భాషల కాగితాలకు బ్లాగ్డెన్ 1916లో వేసిన కేటలాగు ఉంది. మీరు ముందు తెరవాల్సింది అదే. అందులో రెండు వర్గాలు: 1822లో కొన్నవి ఒకటి, ‘ప్రైవేట్’ అనేది ఇంకొకటి. జావా మీద డచ్చి నుంచి చేసిన అనువాదాలు, నివేదికల నకళ్ళు ఈ ప్రైవేట్ వర్గంలో ఎక్కువ. గుడి శిథిలాల బొమ్మలు వీటిలో ఉండవు, వాటికి డబ్ల్యు.డి. అనే వేరే వరుస. జావా శిల్పాల, కట్టడాల ఆల్బం డబ్ల్యు.డి. 953. రాతకు ఒక వరుస, బొమ్మకు ఒక వరుస కావడంతో చాలామంది నివేదిక చదివి, దాని బొమ్మలు పోయాయనుకుని వదిలేస్తారు.

జావా భాష రాతప్రతుల కథ ఇంకో రకం. 1812 జూన్ 20న ఇంగ్లీషు సైన్యం జావాలోని యోగ్యకర్త కోటలో జొరబడి సుల్తాను గ్రంథాలయాన్ని ఊడ్చేసింది. దోచినదాన్ని పెద్ద అధికారులు పంచుకున్నారు. మెకంజీ వాటా ఇండియా ఆఫీసుకు, యోగ్యకర్తలో ఇంగ్లీషు రెసిడెంటు క్రాఫర్డ్ వాటా 1842లో బ్రిటిష్ మ్యూజియానికి, జావా లెఫ్టినెంటు గవర్నరు రాఫిల్స్ దగ్గరివి రాయల్ ఏషియాటిక్ సొసైటీకి చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న యోగ్యకర్త ప్రతుల్లో 75 డిజిటైజు చేసి 2019లో ఆ నకళ్ళను ఇండోనేసియాకు ఇచ్చారు. రాఫిల్స్ దగ్గరున్న మిగతా కాగితాల్లో చాలా భాగం 1824 ఫిబ్రవరిలో ‘ఫేమ్’ ఓడతోపాటు కాలిపోయింది. అందుకే జావా విషయంలో మెకంజీ నకళ్ళకు అంత విలువ. కైఫీయత్తు అడిగి రాయించుకున్నది, సుల్తాను ప్రతి దోచుకున్నది. మీ వ్యాసంలో ఈ తేడాను ‘సేకరణ’ అనే మెత్తటి మాట కింద దాచొద్దు.

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక పాత లింకులు చాలావరకు తెగిపోయాయి. పుస్తకాల్లో ఇచ్చిన లింకు తెరుచుకోకపోతే ఆ ప్రతి లేదనుకోకండి, లైబ్రరీ దానికిచ్చిన గుర్తింపు సంఖ్య, అంటే షెల్ఫ్‌మార్కు పట్టుకుని వెతకండి. ఎప్పుడైనా రాసుకోవాల్సింది షెల్ఫ్‌మార్కే, లింకు కాదు.

పేర్ల స్పెల్లింగు దగ్గరే వెతుకులాట సగం చెడుతుంది. ప్రంబనన్ ఆనాటి ఇంగ్లీషులో ‘బ్రంబానా’, ‘బ్రంబనన్’. గుడిని అక్కడ ‘చండి’ అంటారు. ఇంగ్లీషువాడు సి-హెచ్‌తో, డచ్చివాడు టి-జెతో రాశాడు, 1972 లిపి సంస్కరణ తర్వాత ఉత్త సి. యోగ్యకర్త పాత పుస్తకాల్లో డి-జెతో ‘జొక్జొకర్త’. డచ్చివాళ్ళ ఓ-ఇ అంటే మన ఉకారం. మన వైపు కూడా ఇదే గోల: సిద్ధవటం ‘సిధౌట్’, శ్రీశైలం ‘పెర్వుట్టుం’, అంటే పర్వతం. ఒక్కో పేరుకు కనీసం నాలుగు రూపాలు కాగితం మీద రాసుకుని అన్నిటితోనూ వెతకండి.

ఆ పెర్వుట్టుం సంగతి వచ్చింది కాబట్టి: ప్రంబనన్ నివేదికకు ముందు మెకంజీ శ్రీశైలం మీద రాసింది చదవండి. 1794లో నల్లమల దాటి వెళ్ళి రాసిన దినచర్య భాగం అది, ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ 5వ సంపుటంలో అచ్చయింది. ప్రాకారం గోడ బయటి బొమ్మల వరుసల గురించి అందులో ఉంది. మీరు బస్సెక్కి పోయి ఆ గోడ ముందు నిలబడి వాక్యం వాక్యం సరిచూడొచ్చు. ఏది కళ్ళతో చూసి రాశాడు, ఏది పూజారులు చెబితే రాశాడు, ఏది ఊహించాడు అన్నది అలా పోల్చినప్పుడే తేలుతుంది. ఆయన కన్నుకు ఎంతవరకు ఆనుతుందో మీకు తెలిసిన గుడి దగ్గర పట్టుకుంటే, మీరు చూడని గుడి గురించి రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది. జావాకు పోయే దారి మీకు శ్రీశైలం మీదుగానే.

ప్రంబనన్‌కు మెకంజీ 1812 జనవరిలో వెళ్ళాడు. ఆ ప్రయాణ కథనం బటేవియాలోని (నేటి జకార్తా) డచ్చి విద్వత్ సంఘం ప్రచురణల 7వ సంపుటంలో 1814లో అచ్చయింది. చేతిరాత కంటే ముందు ఈ అచ్చుప్రతి చదివితే ఆ రాతలోని పేర్లు, వరుస తెలిసిపోతాయి, తర్వాత చేతిరాత విప్పుకోవడం సులువు. అయితే అచ్చులో వదిలేసినవి రాతప్రతిలో ఉంటాయి. కొట్టివేతలు, అంచుల్లో గీసిన చిన్న పటాలు, ‘ఇది ఫలానావాడు చెప్పాడు’ అనే ముక్కలు చూడటానికే చేతిరాత తెప్పించుకోవాలి.

శిథిలాల వర్ణన చదివేటప్పుడు జనం పడే పొరపాట్లు ఎక్కువగా నాలుగు చోట్ల.

ఒకటి, ఏ గుడి? ప్రంబనన్‌లోని శివ, విష్ణు, బ్రహ్మ ఆలయాలు హిందూ గుళ్ళు, 9వ శతాబ్దం నాటివి. 856 నాటి శివగృహ శాసనం వాటితో ముడిపడిందంటారు. వాటికి ఉత్తరంగా కూతవేటు దూరంలోనే ఉన్న చండి సెవు బౌద్ధులది. పాత రాతల్లో ‘బ్రంబనన్’ అంటే ఈ మొత్తం ప్రాంతం. ‘ఇక్కడ బుద్ధ విగ్రహాలున్నాయి’ అన్న వాక్యాన్ని శివాలయానికి అంటగట్టి, దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టినవాళ్ళు ఉన్నారు. గుడి చుట్టూ ఉన్న చిన్న గుళ్ళ లెక్క చూడండి: ప్రంబనన్ ఆవరణలో మొత్తం 240, సెవులో 249. లెక్క ఇవ్వకపోతే ద్వారపాలకుల వర్ణన, దిక్కు, నడిచిన దూరం పట్టుకోండి.

రెండు, ఏ విగ్రహం? పాతవాళ్ళు పెట్టిన పేరు నమ్మొద్దు, వాళ్ళు చేసిన వర్ణన నమ్మండి. ‘లోరో జోంగ్రాంగ్’ అని కనబడితే అది శివాలయం ఉత్తరపు గదిలోని ఎనిమిది చేతుల మహిషాసురమర్దని. ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్ళు కట్టమని పందెం వేసి, 999 దగ్గర మోసం చేసి, శాపంతో రాయి అయిన రాకుమారి అని అక్కడివాళ్ళ కథ. ఆ పేరే మొత్తం గుడికీ వచ్చేసింది. దున్నపోతు మీద నిలబడిన దేవత అని వర్ణన ఉంటే కడప జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఇంగ్లీషు గుమాస్తాకు మాత్రం అది ‘ఒక స్త్రీ, ఒక పశువు’. దక్షిణపు గదిలో గడ్డం, బొజ్జ ఉన్న పెద్దమనిషి అగస్త్యుడు, పడమట గణపతి. మన దేవతా లక్షణాలు తెలిసిన చదువరికి ఇక్కడ పై చేయి. రాఫిల్స్ రాసిన జావా చరిత్ర పుస్తకం కోసం ఈ గుళ్ళను పరిశీలించిన కెప్టెన్ బేకర్‌కు వెంట వెళ్ళిన బ్రాహ్మణ సిపాయి మాట అక్కరకొచ్చింది కూడా అందుకే.

మూడు, ఏ తేదీ బొమ్మ? 1812లో ప్రధాన ఆలయం చెట్లు మొలిచిన రాళ్ళ కుప్ప. ఈనాడు ఫోటోల్లో కనబడే 47 మీటర్ల శివాలయం మళ్ళీ పేర్చినది, 1953లో పూర్తయింది. కాబట్టి పాత ఆల్బంలో ఏ గుడైనా శిఖరం దాకా నిటారుగా, గీతలు తిన్నగా కనబడితే అది చూసి గీసింది కాదు, ‘ఇలా ఉండేది’ అని ఊహించి గీసింది. ఒకే గుడికి రెండు బొమ్మలుంటాయి: శిథిల దృశ్యం ఒకటి, ఊహాపటం ఒకటి. కింద రాసిన శీర్షిక ఒక్కోసారి తారుమారవుతుంది కూడా. శిథిలంలోనైనా చిత్రకారుడు తీగలు, పొదలు తన ఇష్టం కొద్దీ వేస్తాడు; రాతి వరుసలు లెక్కబెట్టగలిగేలా ఉన్నాయా లేదా చూడండి. లెక్కకు అందితే దగ్గర కూర్చుని గీసింది, అందకపోతే దూరం నుంచి గీసింది.

నాలుగు, ఏ అడుగు? ఇంగ్లీషు అడుగు 30.48 సెంటీమీటర్లు. డచ్చివాళ్ళు వాడిన రైన్‌లాండ్ అడుగు సుమారు 31.4. డచ్చి ఇంజనీరు కార్నీలియస్ మెకంజీ కంటే ముందే ప్రంబనన్‌లో కొలతలు తీశాడు. ఆయన పటాలు తర్వాతివాళ్ళ చేతుల్లో మళ్ళీ మళ్ళీ నకలయ్యాయి. నూరడుగులకు దాదాపు 90 సెంటీమీటర్ల తేడా. రెండు పటాలు ఒకదానికొకటి సుమారు 3 శాతం తేడాతో పొసగకపోతే ఒకటి డచ్చి పటానికి నకలని అనుమానించండి. మన కైఫీయత్తుల్లో బారలు, మూరలు, తూములు వస్తే అసలు మార్చొద్దు. తూము ఊరూరికీ వేరు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, పక్కన ఏ తాలూకా తూమో రాసుకోండి.

ఇప్పుడు సంవత్సరాల లెక్క. ఇందులో తప్పినవాళ్ళకు లెక్కలేదు.

కైఫీయత్తులో సాధారణంగా శకవర్షం, సంవత్సరం పేరు, కొన్నిచోట్ల ఫసలీ (శిస్తు లెక్కకు వాడే సంవత్సరం) ఉంటాయి. శకానికి 78, ఫసలీకి 590 కలపాలి. శక 1732, ప్రమోదూత, ఫసలీ 1220 మూడూ 1810-11 దగ్గర కలుస్తాయి. కలవలేదంటే నకలు రాసినవాడు అంకె తప్పాడు. అప్పుడు సంవత్సరం పేరునే నమ్మండి. అంకె పొరబడినంత సులువుగా పేరు పొరబడరు. ఫసలీ సంవత్సరం ఆషాఢం ప్రాంతంలో మారుతుందనీ, ఉగాదికి కాదనీ మరవొద్దు.

జావాలో కూడా శకమే. కానీ 1633లో సుల్తాన్ అగుంగ్ ఆ అంకెను అలాగే ఉంచి, లెక్కను మాత్రం చాంద్రమానంలోకి మార్చాడు. శక 1555 దాకా 78 కలిపితే సరి. ఆ తర్వాత ఏడాదికి పదకొండు రోజుల చొప్పున జారుతూ పోతుంది. జావా సంవత్సరం 1739 అంటే 1812. దానికి 78 కలిపితే 1817 వస్తుంది, అప్పటికి ఇంగ్లీషువాళ్ళు జావా వదిలి వెళ్ళిపోయారు. అలాంటి తేదీ మీ నోట్సులో కనబడితే తప్పెక్కడుందో తెలిసిపోతుంది.

దీనికి తోడు జావావాళ్ళు సంవత్సరాన్ని మాటల్లో దాస్తారు. ‘సిర్న ఇలంగ్ కెర్తనింగ్ బుమి’: సిర్న సున్న, ఇలంగ్ సున్న, కెర్త నాలుగు, బుమి ఒకటి. కుడి నుంచి చదివితే 1400 శకం, అంటే 1478. మజపహిత్ రాజ్యం కూలిన ఏడాదిగా సంప్రదాయం చెప్పే తేదీ. మన శాసనాల్లో ‘అంకానాం వామతో గతిః’ (అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి) అని లెక్కగట్టడం వచ్చినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కృత అంటే నాలుగు, భూమి అంటే ఒకటి, రెండు చోట్లా ఒకటే. ఇంగ్లీషు అనువాదకులు మాత్రం దీన్ని కవిత్వం అనుకుని అర్థం చెప్పి, తేదీని వదిలేసిన చోట్లుంటాయి. ఒక రాజు ముగింపు దగ్గర సంబంధం లేని నాలుగు మాటలు కనబడితే ఆగి లెక్క వేయండి.

కథనాల తీరు విషయానికొస్తే, కడప వైపు కైఫీయత్తులకు ఒక దారి ఉంది: జనమేజయుడో అగస్త్యుడో ప్రతిష్ఠ, ముక్కంటి కాడువెట్టి అడవి నరికించడం, చోళులు, విజయనగర రాయలు, మట్లి రాజులు, కడప మయాన నవాబులు, హైదరు, టిప్పు, నిజాం, కుంపిణీ. జావా చరిత్రలకూ ఇలాంటి మొదలుంది: భారతదేశం నుంచి అజి శక అనేవాడు వచ్చాడు, శకం మొదలైంది. రెండింటిలోనూ మొదటి భాగం చరిత్ర కాదని చెత్తబుట్టలో వేయకండి, అలాగని తేదీలకు వాడకండి. కైఫీయత్తులో గట్టిగా పనికొచ్చేది చివరి నూరూ నూటయాభై ఏళ్ళ భాగం: ఎవరి అమలులో గుడి ఆదాయం ఆగింది, ఏ మాన్యం జప్తు అయింది, ఉత్సవం ఎప్పుడు నిలిచింది. ఇక్కడా ఒక మెలిక ఉంది. దత్తమండలాల కలెక్టరు మన్రో దొర బందోబస్తు తర్వాత, ఇనాము భూములు చెల్లుతాయా అన్న విచారణ భయం కరణాల నెత్తిన ఉంది. ‘కృష్ణరాయలు ఈ దేవుడికి ఇచ్చిన మాన్యం’ అన్న వాక్యం చరిత్ర మాత్రమే కాదు, దావా కూడా. ఆంధ్రప్రదేశ్ శాసనాల కడప జిల్లా సంపుటాల్లో, దక్షిణ భారత శాసనాల 10, 16 సంపుటాల్లో ఆ శాసనం ఉందో లేదో చూశాకే రాయండి. జావా వైపు ఈ పని చేయడానికి మంచి ఉదాహరణ మెకంజీ కాలంలోనే ద్వీపం దాటిన రాళ్ళు: 928 నాటి సంగురాన్ శాసనం స్కాట్లండ్‌లో గవర్నర్ జనరల్ మింటో దొర ఎస్టేటుకు పోయింది, 1041 నాటి ఐర్లంగ్గ రాజు శాసనం కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. రెండోది చూడటానికి మీకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు.

జిల్లా హద్దులు చూసుకోకపోతే ఉన్న కైఫీయత్తు కూడా దొరకదు. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, కాబట్టి ఆ ఊళ్ళు పాత జాబితాల్లో బళ్ళారి కింద ఉంటాయి. కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం అప్పట్లో కడప జిల్లా. కర్నూలు 1839 దాకా నవాబుది. 2022 తర్వాతి జిల్లా పేర్లతో వెతికితే ఏదీ రాదు. తాలూకా పేరుతో వెతకండి.

కడపలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసిన కైఫీయత్తుల సంపుటాలతో మొదలుపెట్టండి. కానీ అచ్చులో ఉన్నది నకలుకు నకలు కావచ్చు. 19వ శతాబ్దం నడిమిలో సి.పి. బ్రౌన్ పురుగు పట్టిన పాత కాగితాలను మళ్ళీ రాయించి ‘లోకల్ రికార్డ్స్’ సంపుటాలుగా కట్టించాడు. మూలం చిరిగిన చోట నకలు రాసినవాడు చుక్కలు పెట్టి వదిలేస్తే అదృష్టం, వాక్యం తానే పూరిస్తే మన ఖర్మ. గుడి గురించి కీలకమైన వాక్యం ఏదైనా ఉంటే దాని సంపుటి, పుట నంబరు తీసుకుని చెన్నైలో రాతప్రతితో సరిచూడక తప్పదు. చదివేటప్పుడు అరసున్నలు, పదాల మధ్య ఖాళీలు ఉండవు, వలపలగిలక విరివిగా ఉంటుంది, పారసీ, మరాఠీ మాటలు పంటి కింద రాళ్ళలా తగులుతాయి. మొదటి పది పుటలు గట్టిగా పైకి చదవండి, కంటికి తెగని మాట చెవికి తెగుతుంది.

లండన్ నుంచి నకళ్ళు తెప్పించేటప్పుడు షెల్ఫ్‌మార్కుతోపాటు ఫోలియో (ఆకు) నంబర్లు ఇవ్వండి, పుట నంబర్లు కాదు. ఒక ఆకుకు ముందువైపు ఆర్, వెనకవైపు వి; ‘12 ఆర్ నుంచి 18 వి’ అంటే పద్నాలుగు పుటలు. దీన్ని ఏడు పుటలనుకుని డబ్బు లెక్క తప్పేవాళ్ళు ఎక్కువ. తేదీ లేని నకలైతే కాగితం వాటర్‌మార్కు చదివి చెప్పమని అదనంగా అడగండి. 1794 తర్వాతి ఇంగ్లీషు కాగితాల్లో తయారైన ఏడాది తరచు ముద్రపడి ఉంటుంది. రాత ఆ ఏడాదికి ముందుది కాలేదు. జావా ప్రతులు కొన్ని చెట్టు బెరడుతో చేసిన ద్లువాంగ్ మీద ఉంటాయి, వాటికి ఈ ఉపాయం పనిచేయదు. మొదటి ఆర్డరు పది ఫోలియోలకు మించకుండా పెట్టండి. ఆ చేతిరాత మీకు లొంగుతుందో లేదో దానితోనే తెలుస్తుంది, మిగతావి ఆ తర్వాత.